మూడో సెమిస్టర్లో అకాల పరిష్కారం

నన్ను క్షేత్ర పర్యవేక్షకురాలిగా నియమిస్తున్నట్టు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చినప్పుడు నేను పప్పులోకి తాలింపు వేస్తున్నాను. నన్నే ఎందుకు ఎంచుకున్నారో అందులో రాశారు: సమాజం పట్ల నిబద్ధత, విద్యార్హత, భౌగోళిక సామీప్యం. మొదటి రెండూ మర్యాదకి రాసినవి. మూడోది నిజం. మా పెరటి గోడ దాటితే సున్నపుబట్టీల పేట. ఆ పేటకి వచ్చే విద్యార్థులకి నిలబడ్డానికి మా వీధరుగు నీడ, తాగడానికి మా ఫ్రిజ్‌లో నీళ్ళు, హాజరు పుస్తకంలో సంతకానికి ఖాళీగా ఉన్న మనిషి కావాలి. గృహిణి అంటే ఖాళీగా ఉన్న మనిషని ఏ సర్వేలో తేలిందో నేను అడగలేదు.

మా ఊరి కాలేజీలో సోషల్ వర్క్ డిగ్రీ కోర్సు పెట్టి పదేళ్ళయింది. ఆరు సెమిస్టర్లు. సెమిస్టర్‌కి రెండు వందల గంటలు పిల్లలు క్షేత్రంలో గడపాలి. క్షేత్రమంటే ఏదో ఒక సమస్య ఉన్న చోటు. మొదటి సెమిస్టర్లో సమాజాన్ని చూడాలి. రెండోదాంట్లో పలకరించాలి. మూడోదాంట్లో అవసరాలేమిటో అడగాలి. నాలుగోదాంట్లో ప్రణాళిక వేయాలి. అయిదోదాంట్లో, నీకు ఫలానా సమస్య ఉంది సుమా అని ఆ సమాజానికి అవగాహన కల్పించాలి. ఆరోదాంట్లో జోక్యం చేసుకోవాలి. ఒక మెట్టు మీదుండగా ఇంకో మెట్టు ఎక్కకూడదు.

"వైద్యుడు కడుపు కోసే ముందు నాడి చూడడా అమ్మా?" అనేవారు శాఖాధిపతి డాక్టర్ భీమశంకరం గారు, మా అరుగు మీద కాఫీ తాగుతూ.

మూడేళ్ళు నాడే చూస్తే రోగి ఏమవుతాడని నేను అడగలేదు. పర్యవేక్షకురాలి విధుల్లో ప్రశ్నలు లేవు. కాఫీ కూడా లేదు. అయినా ఇచ్చేదాన్ని.

ఇంతకీ మా క్షేత్రంలో ఉన్న సమస్య ఒక కొళాయి. పేట మొదట్లో మునిసిపాలిటీ వేసిన ఇత్తడి కొళాయి. ఎంత తిప్పినా కట్టుపడదు. పొద్దున్న పది నుంచి పదకొండున్నర దాకా నీళ్ళొస్తాయి. ఆ గంటన్నరా అది ధారగా కారుతూనే ఉంటుంది. దాని కింద బురద, బురదలో పందులు. అదే పైపు మీద పేట చివర ఇంకో కొళాయి ఉంది గానీ, ఇక్కడ కారిపోయాక అక్కడికి గాలి మాత్రమే చేరేది. అందువల్ల అరవై ఇళ్ళ బిందెలూ ఒక్క కొళాయి దగ్గరే. వరసల్లో తగువులు. తగువుల్లో జుట్లు.

ఏడు బ్యాచ్‌లు ఆ కొళాయిని చదివాయి. 'పట్టణ పేదల్లో నీటి అలభ్యత', 'అలభ్యతలో మహిళల పాత్ర', 'మహిళల పాత్రలో బిందె' అని బోలెడు ప్రాజెక్టులు వచ్చాయి. కొళాయి పక్కన కాలేజీ వాళ్ళు ఒక రేకు బోర్డు కూడా పాతారు: 'క్షేత్ర అధ్యయన స్థలం. యథాతథ స్థితి కాపాడండి.'

ఆ పేటలో ఉండే నూకరత్నం మా వీధిలో చేపలమ్ముతుంది. ప్రతి బ్యాచ్‌కీ సమాధానాలు చెప్పీ చెప్పీ ఆవిడ ఆ శాఖలో సగం మంది లెక్చరర్లకంటే బాగా ఆరితేరింది. "అమ్మగారూ, ఇయ్యాల సందువాలు తాజాగా ఉన్నాయండి" అన్న నోటితోనే, "నిన్నొచ్చిన పిల్ల ప్రశ్నావళి బాలేదండి, ఒకటే ప్రశ్న రెండుసార్లు అడిగింది" అనేది.

ఒకసారి నేనే ఆవిణ్ణి అడిగాను. "ఏడేళ్ళుగా ఆ కొళాయి మీరెవరూ బాగుచేయించుకోలేదేంటి నూకరత్నం?"

"అనుకున్నప్పుడల్లా ఎవరో ఒక పిల్ల వొచ్చేదండి. ఆంటీ, మా ప్రాజెక్టయ్యేదాకా ఆగండి, ఇప్పుడు బాగుసేత్తే నాకు మార్కులు రావు అనేది. పిల్లల సదువు కదండి, ఆగేవోళ్ళం. ఒకళ్ళదయ్యేసరికి ఇంకోళ్ళు."

ఆ మాట నేను పర్యవేక్షణ నివేదికలో రాశాను. 'సమాజం సహకారం: చాలా బాగుంది' అన్న గడిలో టిక్కు పెట్టాను.

ఈ సంవత్సరం మూడో సెమిస్టర్ పిల్లల్లో ధరణి అనే అమ్మాయి వచ్చింది. అత్తిలి దగ్గర పల్లెటూరు. నాన్న వ్యవసాయ మోటార్లు బాగుచేస్తాడు. పిల్ల ఇక్కడ సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుతోంది. నూట పన్నెండు ప్రశ్నల కాగితాలు చంకలో పెట్టుకుని మధ్యాహ్నం పన్నెండింటికి పేటలోకి వెళ్ళింది. పావుగంటలో తిరిగొచ్చింది.

"ఆంటీ, మీ ఇంట్లో పానా ఉందా?"

విద్యార్థులు నన్ను గొడుగులడిగారు, గమ్ముసీసాలడిగారు, ఒకబ్బాయి ఏకంగా మా ఆయన చొక్కానే అడిగాడు. పానా ఎవరూ అడగలేదు.

"ఎందుకే?"

"ఆ కొళాయిలో వాచరు పోయిందాంటీ. అంతే."

"నువ్వు అవసరాలు అడగాలి కదా."

"అడిగానాంటీ. వాచరన్నారు."

మా ఆయన పెళ్ళైన కొత్తలో ఒక పానా కొన్నారు. ఇరవై ఏడేళ్ళుగా ఆయన చెయ్యి తగలకుండా కొత్తదిలాగే ఉంది. ఇచ్చాను. దాంతోపాటు కత్తెరా, పారేద్దామని మెట్ల కింద పెట్టిన నా పాత హవాయి చెప్పూ పట్టుకెళ్ళింది. నేను పెరటి గోడ మీంచి చూస్తున్నాను, పర్యవేక్షించాలి కనక. కొళాయి తల విప్పింది. అరిగిపోయిన తోలు ముక్క తీసి చూపిస్తే చుట్టూ చేరిన ఆడవాళ్ళు పోయినవాళ్ళని చూసినట్టు చూశారు. చెప్పులోంచి గుండ్రంగా ఒక ముక్క కోసి లోపల పెట్టి, మళ్ళీ బిగించింది. నేను పొయ్యి మీద పెట్టిన పాలు పొంగడానికి ముందే అయిపోయింది.

మర్నాడు పదింటికి నీళ్ళొచ్చాయి. బిందె నిండగానే నూకరత్నం కొళాయి కట్టింది. కట్టుపడింది. ఇంకో పది నిమిషాలకి పేట చివర్నుంచి కేకలు వినిపించాయి. ఎవరికైనా ఏమైనా అయిందేమోనని నేను గోడ దగ్గరికి పరిగెత్తాను. చివరి కొళాయిలో నీళ్ళొచ్చాయట. ఒక ముసలావిడ బిందె తెచ్చుకోవడం మర్చిపోయి, దోసిలి పట్టుకుని నిలబడిపోయింది.

ఇక్కడిదాకా అందరికీ సంతోషమే. వారం తిరిగేసరికి మిగతా పద్దెనిమిది మంది విద్యార్థులు వచ్చారు.

"ఆంటీ, పద్నాలుగో ప్రశ్న. నీళ్ళ కోసం రోజుకి ఎన్నిసార్లు గొడవపడతారు?" అని ఒక పిల్ల అడిగింది.

"ఇప్పుడు లేదమ్మా," అంది నూకరత్నం.

"అస్సలు?"

"అస్సల్లేదు."

"ఒక్కటైనా రాసుకోనా ఆంటీ? సున్నా వేయడానికి గడి లేదు."

పద్దెనిమిది మందీ వచ్చి మా అరుగు మీద దిగాలుగా కూర్చున్నారు. ఒకమ్మాయి ఏడ్చింది కూడా. మంచినీళ్ళిచ్చాను. ఆ సాయంత్రమే భీమశంకరం గారు కారు దిగారు. పేటలోకి వెళ్ళి, ఎండిపోయిన బురద చూసి, ఆ ఎండిన చోట గోళీలాడుకుంటున్న పిల్లల్ని చూసి, కొళాయి ఒకసారి తిప్పి, మళ్ళీ కట్టి, రుమాలుతో చెయ్యి తుడుచుకున్నారు.

"ఎవరు చేశారమ్మా ఈ పని?" అన్నారు. హత్య జరిగిన చోట అడిగినట్టు అడిగారు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. వచ్చే నెల ఇరవయ్యో తేదీన కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి నిపుణుల బృందం వస్తోంది. సోషల్ వర్క్ శాఖ వాళ్ళకి చూపించబోయేది ఈ కొళాయినే. 'ఏడేళ్ళ అవిచ్ఛిన్న క్షేత్ర సంబంధం' అని పుస్తకం అచ్చయింది. అట్ట మీద బురద బొమ్మ, రంగుల్లో.

రెండు రోజుల్లో విచారణ కమిటీ వేశారు. భీమశంకరం గారు అధ్యక్షులు. వైస్ ప్రిన్సిపాల్ గారు సభ్యులు. నేను క్షేత్ర సభ్యురాలిని. సమావేశం మా అరుగు మీదే, భౌగోళిక సామీప్యం వల్ల.

"కుమారి ధరణీ, నువ్వు ఏ సెమిస్టర్ విద్యార్థినివి?"

"మూడోదండి."

"మూడో సెమిస్టర్లో విద్యార్థి కర్తవ్యమేమిటి?"

"అవసరాల అంచనా అండి."

"జోక్యం ఏ సెమిస్టర్లో?"

"ఆరోదాంట్లోనండి."

"అంటే ప్రణాళిక లేకుండా, అవగాహన కల్పించకుండా, మూడు సెమిస్టర్లు అతిక్రమించి ఒక సమస్యని అకాలంగా పరిష్కరించావు. దీనివల్ల సమాజం మానసికంగా సంసిద్ధం కాకుండానే పరిష్కారానికి గురైంది. ఏమంటావ్?"

"నీళ్ళు ఇప్పుడే పోతున్నాయి కద్సార్," అంది ధరణి.

"భావోద్వేగం," అన్నారు వైస్ ప్రిన్సిపాల్ గారు. "రాసుకోండి."

నేను రాసుకున్నాను. కార్యదర్శి పనీ నాదే.

"సార్, వాళ్ళకి అవగాహన ముందే ఉందండి," అంది పిల్ల మళ్ళీ. "కొళాయి కారిపోతోందని వాళ్ళందరికీ తెలుసండి."

"వాళ్ళకి తెలిసింది అనుభవం. అవగాహన మనం కల్పించాలి. రెంటికీ చాలా తేడా ఉంది."

తీర్మానం ఇంగ్లీషులో చెప్పి నా చేత తెలుగులో రాయించారు. కుమారి ధరణి రెండు వందల గంటల క్షేత్రకార్యం రద్దు. సదరు క్షేత్రానికి పూర్వస్థితి పునరుద్ధరణ జరిగినచో రద్దు విషయం సానుభూతితో పునఃపరిశీలించబడును. కింద ముగ్గురం సంతకాలు చేశాం. నా సంతకం కిందే కాఫీ కప్పు మరక పడింది. అది తీర్మానంలో భాగం కాదని వైస్ ప్రిన్సిపాల్ గారు పక్కన రాశారు.

వాళ్ళు వెళ్ళిపోయాక ధరణి అరుగు అంచున అలాగే కూర్చుంది.

"గంటలు పోతే సెమిస్టర్ పోతుందాంటీ. సెమిస్టర్ పోతే ఏడాది పోయినట్టే. ఏడాది పోయినోళ్ళని హాస్టల్లో ఉంచరు."

"మీ నాన్నేమంటారు?"

"షాపులోకి వచ్చేయమంటాడు. షాపంటే నాకు భయం లేదు. మోటారు విప్పడం నాకొచ్చు. కానీ ఆంటీ, షాపులో అయితే మోటారు పాడైనోళ్ళు వాళ్ళే మోసుకొస్తారు. మోసుకు రాలేనోళ్ళు ఉంటారు కదా. వాళ్ళ దగ్గరికి మనం ఎల్లి, ఏం కావాలండీ అని అడగొచ్చు ఈ చదువులో. అందుకని చేరాను."

ఆ శాఖ ఆశయాలు బోర్డు మీద పదకొండు వాక్యాల్లో ఉంటాయి. వాటిల్లో ఈ మాట ఎక్కడా లేదు.

పునరుద్ధరణ కార్యక్రమం ఆ వచ్చే సోమవారం మొదలైంది. భీమశంకరం గారు కాలేజీ ప్లంబరు చిట్టిరాజుని వెంటబెట్టుకుని వచ్చారు. పేట ఆడవాళ్ళు కొళాయి చుట్టూ నిలబడ్డారు. నేను గోడ మీంచి వినడం మర్యాద కాదని పేటలోకే వెళ్ళాను.

"చిట్టిరాజూ, ఈ కొళాయిని గత నెలలో ఎలా ఉందో అలా చెయ్యి," అన్నారు భీమశంకరం గారు.

చిట్టిరాజు వంగి చూశాడు. తిప్పాడు. కట్టాడు. "బానే పని చేత్తందండి."

"అదే సమస్య."

"ఏంటండి?"

"పని చెయ్యకూడదు. కారాలి."

చిట్టిరాజు సంచీ కింద పెట్టాడు. "బాగుచేయమంటే చేత్తానండి. ముప్పయ్యేళ్ళుగా అదే పని. నేను బాగుచేసినవి వాటంతటవే పాడయ్యాయంటే అది వేరండి. కావాలని పాడుచేయడం నాకు రాదండి."

"నీకు ఆర్డరు కాగితం ఇస్తాను."

"కాగితమిచ్చినా రాదండి. మీరెవరైనా చదువుకున్నోళ్ళని పెట్టుకోండి."

నూకరత్నం చేపల గంప దింపి కొళాయికి అడ్డంగా పెట్టింది. "అయ్యగారూ, కొళాయి మీద చెయ్యేత్తే నేనూరుకోను. ఏడేళ్ళు మీ పిల్లల కోసం ఊరుకున్నాం. మీ పద్నాలుగో ప్రశ్నకి నా నెత్తి మీద జుట్టు సగం పోయింది."

"తల్లీ, ఇది మీ కోసం కాదు. ఆ అమ్మాయి చదువు కోసం," అన్నారు ఆయన. ఆయన తెలివైనవారు కారని నేనెప్పుడూ అనను.

ఆడవాళ్ళు ధరణి వైపు చూశారు. ధరణి నేలకేసి చూసింది. "వద్దండి, నా కోసం మళ్ళీ పాడుచేయకండి," అంది నెమ్మదిగా.

"పాడుచేయం లేమ్మా," అంది నూకరత్నం. ఆవిడ ఆలోచిస్తున్నప్పుడు చీర కొంగు నోట్లో పెట్టుకుంటుంది. తీసింది. "అయ్యగారూ, ఆ పెద్దోళ్ళొచ్చే రోజున కొళాయి మేం కట్టకుండా వొదిలేత్తాం. కారుతుంది. మేం వరసలో నిలబడి కొట్టుకుంటాం. సూసుకుని ఎల్లిపోతారు. సాలా?"

భీమశంకరం గారి ముఖం వెలిగింది. "నమూనా సమస్య!" అన్నారు. "ప్రతిరూప సమస్యా విధానం. దీన్ని ఒక పత్రంగా రాయొచ్చు."

"కానీ ఆ పిల్ల గంటలు మీరియ్యాలి."

"తప్పకుండా."

"నీ కోసం ఆ మాత్రం కొట్టుకోలేమా అమ్మాయ్," అంది వెనకనించి ఎవరో. అందరూ నవ్వారు. ధరణి నవ్వలేదు. నాకు కూడా నవ్వు రాలేదు. ఒకమ్మాయి ఏడాది నిలబెట్టడానికి అరవై ఇళ్ళ ఆడవాళ్ళు జుట్లు పట్టుకోవడానికి సిద్ధపడ్డారు. దానికి కారణమైన తీర్మానం మీద మూడో సంతకం నాది.

రిహార్సళ్ళు మా పెరట్లో పెట్టారు. బురద కోసం పన్నెండు బిందెలు కుమ్మరించారు. తీరా పెట్టాక తేలిందేమిటంటే, వాళ్ళకి కొట్టుకోవడం రావడం లేదు. నెల రోజుల్లో అలవాటు తప్పింది.

"ఏమ్మే, వరస తప్పి వొచ్చావేంటే?" అని ఒకావిడ మొదలుపెట్టేది.

"పోనీలేవే, ముందు నువ్వే పట్టుకో," అనేది రెండో ఆవిడ.

"అలా అనకూడదమ్మా!" అని భీమశంకరం గారు చేతులు పిసుక్కునేవారు. "సంఘర్షణ కావాలి. వనరుల కొరత ముఖంలో కనపడాలి."

"పోనీ మా ఆయన గురించి కొట్టుకోమంటారా అండి? అదైతే బాగా వొత్తది," అంది ఒకావిడ. అది కుటుంబ సంక్షేమం కిందకొస్తుందనీ, వేరే పేపరనీ ఆయన వద్దన్నారు.

ఇరవయ్యో తేదీ పదింబావుకి నిపుణుల బృందం వచ్చింది. ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన అనంతపురం వైపు నుంచి వచ్చిన రిటైర్డు ప్రొఫెసరు. భీమశంకరం గారు ముందు నడుస్తూ చెబుతున్నారు: "ఇది సార్, ఏడేళ్ళుగా మా విద్యార్థులు నిమగ్నమై ఉన్న క్షేత్రం. నీటి వనరుల నిర్వహణ లోపం, తత్ఫలితంగా సామాజిక ఉద్రిక్తత, ఇవి మీరు ప్రత్యక్షంగా గమనించవచ్చు."

కొళాయి ధారగా కారుతోంది. ఆడవాళ్ళు బిందెలతో వరసలో ఉన్నారు. నూకరత్నం ఊపిరి పీల్చుకుని, "ఏమ్మే!" అని కేకేసింది.

అవతలావిడ జవాబు చెప్పేలోపు, పెద్దాయన భీమశంకరం గారి మాటలు వింటూ వింటూనే, అటు చూడను కూడా చూడకుండా, చెయ్యి చాచి కొళాయి కట్టేశారు.

కట్టుపడింది.

భీమశంకరం గారి నోరు రెండో 'ఉద్రిక్తత' దగ్గరే ఆగిపోయింది.

"ఏమయింది?" అన్నారు పెద్దాయన అందరి ముఖాలూ చూసి. "మా వైపు నీళ్ళు పోతా ఉంటే చూస్తా నిలబడలేమప్పా. చెయ్యి ఊరుకోదు." మళ్ళీ తిప్పి చూశారు. మళ్ళీ కట్టారు. "బాగానే ఉందే. లోపమేదో ఉందన్నారు?"

నాకు భీమశంకరం గారి మీద గౌరవం కలిగిన సందర్భం అదొక్కటే. ఒక్క క్షణం తడబడ్డారు, అంతే.

"ఉండేది సార్!" అన్నారు. "మా విద్యార్థుల జోక్యంతో పరిష్కారమైంది. మీరు చూస్తున్నది పరిష్కారానంతర దశ!"

"భేష్! రికార్డులు చూపించండి."

అందరం కాలేజీకి వెళ్ళాం. క్షేత్ర పర్యవేక్షకురాలు హాజరు కావాలని నన్నూ తీసుకెళ్ళారు. ధరణి శాఖ గుమ్మం బయట నిలబడింది. లోపలికి పిలవలేదు. బీరువా తీసి ఏడు లావుపాటి పుస్తకాలు బల్ల మీద పెట్టారు. ఏడు బ్యాచ్‌ల ఆరో సెమిస్టర్ నివేదికలు. నేను అంతదాకా వాటిని చూడలేదు. నా సంతకం హాజరు వరకే.

పెద్దాయన మొదటి పుస్తకం చివరి పేజీ తీశారు. 'విద్యార్థుల జోక్యంతో కొళాయి మరమ్మతు జరిగి, సమస్య సంపూర్ణంగా పరిష్కరించబడినది.' రెండో పుస్తకం తీశారు. 'సంపూర్ణంగా పరిష్కరించబడినది.' మూడోది. నాలుగోది. ఏడింటిలోనూ అదే వాక్యం. ఏడింటిలోనూ దండ వేసిన కొళాయి ఫొటో. అన్ని ఫొటోల్లోనూ కింద పెద్ద బురద.

"ఏడేళ్ళుగా ఏడుసార్లు పరిష్కరించినారా?" అన్నారు పెద్దాయన.

"నిరంతర పరిష్కార ప్రక్రియ సార్," అన్నారు భీమశంకరం గారు.

రెండో నిపుణుడు "సస్టెయినబుల్" అని కాగితం మీద రాసుకున్నాడు. మూడో ఆవిడ తలూపింది. గ్రేడు బాగానే వచ్చేట్టుంది.

"పర్యవేక్షకురాలు గారు ఏమైనా చెప్తారా?" అన్నారు పెద్దాయన ముక్తాయింపుగా. ఏమీ లేదండీ అనడానికి అక్కడ నాకు చోటు వదిలారు.

"చెప్పడానికేం లేదండి, చిన్న సందేహం," అన్నాను. "నేను కార్యదర్శిగా రాసిన తీర్మానం ఒకటుంది. మూడో సెమిస్టర్ అమ్మాయి ఈ కొళాయిని పోయిన నెలలో బాగుచేసి తప్పు చేసిందని, ఆ అమ్మాయి గంటలు రద్దు చేశాం. ఈ పుస్తకాల ప్రకారం అది ఏడేళ్ళ క్రితమే బాగుపడిపోయింది కదండీ. బాగున్న కొళాయిని ఎవరూ బాగుచేయలేరు. మరి నా తీర్మానం ఏ ఫైల్లో పెట్టమంటారు? ఈ ఏడు పుస్తకాల పక్కనే పెట్టనా?"

పెద్దాయన భీమశంకరం గారి వైపు చూశారు. భీమశంకరం గారు నా వైపు చూశారు. నేను నా చేతిసంచీలోని తీర్మానం వైపు చూశాను. అది అప్పటికే సగం బయటికి వచ్చి ఉంది.

"అది... అది ముసాయిదా మాత్రమే," అన్నారు ఆయన.

"సంతకాలున్నాయండి."

"ముసాయిదా సంతకాలు."

"అయితే ఆ అమ్మాయి జోక్యం చేసుకోనట్టేనా అండి?"

ఆయన ఏడు పుస్తకాలూ ఒకసారి చూసుకున్నారు. "రికార్డు ప్రకారం, జోక్యానికి ఆస్కారమే లేదు."

"అలాగని ఒక కాగితం ఇస్తే మంచిది," అన్నారు పెద్దాయన. పుస్తకాలు ఒక్కొక్కటే నెమ్మదిగా మూశారు. నవ్వారో లేదో నాకు కనపడలేదు. మీసాలు పెద్దవి.

కాగితం పర్యవేక్షకురాలే ఇవ్వాలట, నిబంధన. అక్కడే కూర్చుని రాశాను: 'కుమారి ధరణి నా క్షేత్రంలో రెండు వందల గంటలు గడిపినది. ఆ కాలంలో ఎవరికీ ఏ ఉపయోగమూ చేయలేదని, ఏ సమస్యనూ పరిష్కరించలేదని ధ్రువీకరించడమైనది.' భీమశంకరం గారు చదివి, 'ప్రవర్తన సంతృప్తికరం' అని తానే చేర్చి ముద్ర వేశారు.

బయట గుమ్మం దగ్గర ధరణి ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది.

"ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు కదాంటీ."

"ప్రవర్తన గురించి రాసింది నిజమే. పద, హాస్టల్లో అన్నం వేళ దాటిపోతుంది."

సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. క్షేత్రకార్యంలో ధరణికి నూటికి తొంభై ఆరు. తరగతిలో అవే ఎక్కువ. ఆ నాలుగూ ఎందుకు తగ్గాయో ఆ అమ్మాయి క్షేత్రకార్యం డైరీ వెనక ఎర్ర సిరాతో రాసి ఉంది: 'పుటలు శుభ్రంగా లేవు. నలభై రెండో పుటలో గ్రీజు మరక.'